అణు వ్యర్థాలు: హైదరాబాదులో ఏమున్నాయి, ఏవి ఎక్కడికి పోతాయి?

కుషాయిగూడ వాసి (ఆదివారం, ఉదయం 7:40)

సభ్యులందరికీ నమస్కారం. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. ఈసీఐఎల్ చౌరస్తా వైపు నుంచి రాత్రివేళ వెళ్లే లారీల్లో అణు వ్యర్థాలు తరలిస్తున్నారని, శివార్లలోని గుట్టల్లో వాటిని పూడ్చిపెడుతున్నారని అందులో రాశారు. నమ్మినవాళ్లు బెంబేలెత్తుతున్నారు, నమ్మనివాళ్లు నవ్వేస్తున్నారు. విషయం తెలిసి మాట్లాడుతున్నవాళ్లు మాత్రం ఒక్కరూ కనిపించలేదు. అసలు మన నగరంలో అణు వ్యర్థాలు పుడతాయా? పుడితే అవి ఏ రకానివి? రియాక్టర్ల నుంచి వచ్చే ప్రమాదకరమైన వ్యర్థాలను దేశంలో ఎక్కడ, ఎలా ఉంచుతున్నారు? ఈ రంగంలో పనిచేసినవారు కొందరు ఈ వేదికలో ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

సైనిక్‌పురి విశ్రాంత ఇంజనీరు (ఆదివారం, ఉదయం 9:15)

నేను ఉద్యోగ జీవితమంతా వేరే రాష్ట్రంలోని అణువిద్యుత్ కేంద్రంలో గడిపి ఇక్కడ స్థిరపడ్డాను. మీ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందుగా ఒక తేడా స్పష్టం చేయాలి. ఈసీఐఎల్ చౌరస్తాకు దగ్గరలో, 1971లో ఏర్పాటైన మన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జరిగేది ఇంధనం తయారీ. జాదుగూడ, తుమ్మలపల్లె వంటి చోట్ల గనుల నుంచి వచ్చిన యురేనియం సాంద్రాన్ని ఇక్కడ శుద్ధి చేసి, యురేనియం డయాక్సైడ్ బిళ్లలుగా ఒత్తి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో నింపి, ఆ గొట్టాలను కట్టలుగా అమర్చి రావత్‌భాటా, కైగా, కాక్రపార్ వంటి కేంద్రాలకు పంపుతారు. కాబట్టి ఆ రోడ్డు మీద వెళ్లే లారీలో ఏదైనా ఉంటే కొత్త ఇంధనమో, దానికి కావలసిన ముడిసరుకో ఉంటుంది.

220 మెగావాట్ల రియాక్టరుకు పనికివచ్చే కట్ట అరమీటరు పొడవుంటుంది, అందులో 19 గొట్టాలుంటాయి, బరువు పదిహేను కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. కొత్త కట్టను మేము తొడుగులు వేసుకుని చేతులతోనే ఎత్తి పరీక్షించేవాళ్లం. అదే కట్ట రియాక్టరులో ఏడాదికి పైగా ఉండి బయటికి వచ్చాక, అడ్డుగోడ లేకుండా దాని పక్కన కొద్దిసేపు నిలబడితే మనిషి బతకడు. చూపుకు రెండింటికీ పెద్ద తేడా ఉండదు. యురేనియం కేంద్రకాలు చీలినప్పుడు పుట్టిన సీజియం-137, స్ట్రాన్షియం-90 వంటి పదార్థాలే ఈ మార్పుకు కారణం. ఆ వాడిన ఇంధనం హైదరాబాదుకు తిరిగి రాదు, ఇక్కడ దానికి పనీ లేదు.

అలాగని ఇక్కడ వ్యర్థాలే పుట్టవని అనడం సరికాదు. శుద్ధి ప్రక్రియలో నైట్రేట్లు, అమ్మోనియా కలిసిన ద్రవాలు, యురేనియం జాడలున్న మడ్డి, తొడుగులు, వడపోత గుడ్డలు వంటివి వస్తాయి. వీటి ముప్పు రేడియేషన్ కంటే రసాయనాల వైపు నుంచే ఎక్కువ. చుట్టుపక్కల భూగర్భ జలాల్లో నైట్రేట్ ఎంత ఉందని అడగడం, మీటరు పట్టుకుని లారీల వెంట తిరగడం కంటే ఉపయోగకరమైన పని.

న్యాయశాస్త్ర విద్యార్థిని, పద్మారావునగర్ (ఆదివారం, ఉదయం 11:02)

ఇంజనీరు గారి వివరణకు కృతజ్ఞతలు. అయితే "హైదరాబాదుకు తిరిగి రాదు" అన్నంత మాత్రాన మన బాధ్యత తీరిపోదని నా అభిప్రాయం. ఇక్కడ తయారైన ప్రతి కట్టా ఎక్కడో ఒక ఊరి పక్కన వాడిన ఇంధనంగా మిగులుతుంది. పైగా సహజ యురేనియంతో నడిచే మన భారజల రియాక్టర్లు, యురేనియం-235 పాళ్లు పెంచిన యురేనియం వాడే రియాక్టర్లతో పోలిస్తే అంతే విద్యుత్తుకు అయిదారు రెట్లు ఎక్కువ బరువున్న వాడిన ఇంధనాన్ని బయటికి పంపుతాయి.

మన దేశం దాన్ని వ్యర్థంగా లెక్కించదు, పునఃశుద్ధి చేసి ప్లుటోనియం, యురేనియం వెలికితీస్తుంది. ట్రాంబేలో 1964లో ఈ పని మొదలైంది, తర్వాత తారాపూర్, కల్పాక్కం వచ్చాయి. కానీ పునఃశుద్ధిలో ఇంధనాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తారు, కేంద్రకాలు చీలినప్పుడు పుట్టిన పదార్థాలన్నీ ఆ ఆమ్ల ద్రవంలో మిగులుతాయి. ద్రవరూపంలో ఉన్న ఆ వ్యర్థం ఎంత ప్రమాదకరమో 1957 సెప్టెంబరు 29న సోవియట్ యూనియన్‌లోని మయాక్ కేంద్రంలో తేలింది. చల్లబరిచే ఏర్పాటు విఫలమైన ఒక ట్యాంకు వేడెక్కి, అడుగున మిగిలిన లవణాలు పేలిపోయి, వందల కిలోమీటర్ల దూరం కాలుష్యం పాకింది. ఆ సంగతి ప్రపంచానికి అధికారికంగా తెలియడానికి మూడు దశాబ్దాలు పట్టింది. మన దగ్గర ఇంకా ద్రవంగానే ఉన్నది ఎంత, గాజుగా మారినది ఎంత అన్న లెక్క పౌరులకు ఎందుకు అందుబాటులో ఉండకూడదు?

సైనిక్‌పురి విశ్రాంత ఇంజనీరు (ఆదివారం, మధ్యాహ్నం 12:30)

మయాక్ ప్రస్తావన సమంజసమే. ద్రవాన్ని ఎంత త్వరగా ఘనరూపంలోకి మారిస్తే అంత మంచిదన్న పాఠం అక్కడి నుంచే అందరూ నేర్చుకున్నారు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో ఉన్న ప్లాంట్లలో ఆ ద్రవాన్ని చిక్కబరిచి, బోరోసిలికేట్ గాజుకు కావలసిన దినుసులు కలిపి, సుమారు 1000 డిగ్రీల వేడిలో కరిగించి స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాల్లో పోస్తారు. గాజులో రంగు కలిసిపోయినట్టుగా సీజియం, స్ట్రాన్షియం పరమాణువులు ఆ గాజు అల్లికలోనే చిక్కుకుంటాయి. డబ్బా పగిలినా ఒలకడానికి లోపల ద్రవం ఉండదు. మూతను వెల్డింగ్ చేసి, బయటి భాగాన్ని తుడిచి పరీక్షించి, కాంక్రీటు గదుల్లో నిలువుగా పేరుస్తారు. ఆ గదులను చల్లబరచడానికి పంపులు, ఫ్యాన్లు అక్కర్లేదు. వేడెక్కిన గాలి పొడవాటి చిమ్నీ గుండా పైకి పోతే కింది నుంచి చల్లగాలి దానంతట అదే లోపలికి వస్తుంది. కరెంటు పోతే ఏమిటన్న ప్రశ్నకు ఇది నిజమైన జవాబు.

పరిమాణం విషయంలోనూ ఒక మాట చెప్పాలి. ప్రపంచవ్యాప్తంగా చూస్తే అణు వ్యర్థాల ఘనపరిమాణంలో 90 శాతం వరకు తక్కువ స్థాయివి, అంటే తొడుగులు, చీపుళ్లు, పాత పైపులు, వడపోతలు. మొత్తం రేడియోధార్మికతలో వాటి వాటా ఒక్క శాతం. సుమారు 3 శాతం పరిమాణంలో ఉండే అధిక స్థాయి వ్యర్థంలోనే 95 శాతం రేడియోధార్మికత ఉంటుంది. మొదటి రకాన్ని ప్రతి కేంద్రం ఆవరణలోనూ రాతికట్టు కందకాల్లో, కాంక్రీటు గోతుల్లో ఉంచి చుట్టూ పరిశీలన బావులు తవ్వి నీటిని పరీక్షిస్తారు. సీజియం తీవ్రత 30 ఏళ్లకు సగమవుతుంది కాబట్టి అక్కడ మూడు వందల ఏళ్ల కాపలా అని లెక్క. మూడు వందల ఏళ్లంటే తక్కువేమీ కాదు, కానీ మన చార్మినార్ అంతకంటే పాతది.

మీరడిగిన లెక్కలు బహిరంగంగా ఉండాలన్న మాటతో నాకు పేచీ లేదు. ప్లుటోనియం లెక్క చెప్పకపోవడానికి కారణం ఉంది, గాజు డబ్బాల లెక్క చెప్పకపోవడానికి నాకు కారణం కనిపించదు.

భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, హబ్సిగూడ (ఆదివారం, సాయంత్రం 4:48)

చర్చ గాజు డబ్బాల దగ్గర ఆగింది కాబట్టి ఆ తర్వాతి మెట్టు గురించి రాస్తాను. ఆ గదులు తాత్కాలికం. ముప్పై నలభై ఏళ్లు చల్లబడ్డాక ఆ డబ్బాలను లోతైన రాతిపొరల్లో శాశ్వతంగా ఉంచాలన్నది దాదాపు అన్ని దేశాలూ ఒప్పుకున్న పద్ధతి. ఆచరణలో అందరికంటే ముందున్నది ఫిన్లాండ్. ఓల్కిలూటో దీవిలో 2004లో తవ్వకం మొదలుపెట్టి, 2015లో నిర్మాణానికి అనుమతి పొంది, 400 మీటర్లకు పైగా లోతున సొరంగాలు సిద్ధం చేశారు. వాడిన ఇంధనాన్ని పోతఇనుప చట్రంలో అమర్చి, దానిపై రాగి పెట్టె తొడిగి, చుట్టూ బెంటోనైట్ మట్టి దట్టిస్తారు. నీరు తగిలితే ఆ మట్టి ఉబ్బి సందులు మూసేస్తుంది. స్వీడన్ ఫోర్స్‌మార్క్‌లో 2025 జనవరిలో నిర్మాణం ప్రారంభించింది. అమెరికాలో న్యూమెక్సికో ఉప్పుపొరల్లోని గిడ్డంగి 1999 నుంచి సైనిక వ్యర్థాలను తీసుకుంటోంది. 2014లో అక్కడ ఒక డ్రమ్ము లోపలి పదార్థం వేడెక్కి పగిలింది. ద్రవాన్ని పీల్చుకోవడానికి వాడాల్సిన ఖనిజపు పొడికి బదులు సేంద్రియ పదార్థంతో చేసిన పిల్లుల మలవిసర్జన తొట్టెల్లో వాడే పొడి కలపడమే కారణం. రాయి తన పని తాను చేసింది, తప్పు ప్యాకింగ్ దగ్గర జరిగింది. మూడేళ్ల పాటు గిడ్డంగి మూతపడింది.

మన దేశంలో 1980లలో కోలార్ బంగారు గనిలో వాడకంలో లేని ఒక భాగంలో, సుమారు 1000 మీటర్ల లోతున, విద్యుత్ హీటర్లు పెట్టి వేడికి రాయి ఎలా స్పందిస్తుందో పరీక్షించారు. అక్కడ వ్యర్థాలేవీ పెట్టలేదు. అయినా 2012లో తమిళనాడులోని కుడంకుళం అణువిద్యుత్ కేంద్రం కేసు సుప్రీంకోర్టులో నడుస్తున్నప్పుడు వ్యర్థాలు పెట్టే చోటుగా కోలార్ పేరు వినిపించగానే ఆ జిల్లాలో ఆందోళనలు చెలరేగాయి, అలాంటి ఉద్దేశం లేదని అధికారులు వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు మన వాట్సాప్ సందేశంలోని "శివారు గుట్టల" సంగతి. హైదరాబాదు నిలబడ్డది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీదే కదా, ఫిన్లాండ్‌లోనూ అలాంటి గట్టి రాయే కదా, ఇక్కడ ఎందుకు పనికిరాదని నా విద్యార్థులే అడుగుతుంటారు. జవాబు మన బోరుబావుల్లో ఉంది. నగరంలో చాలా కాలనీల్లో వెయ్యి అడుగులు దాటి బోర్లు వేస్తున్నారు. ఒక బోరులో పుష్కలంగా నీళ్లు పడితే, పది గజాల దూరంలో వేసిన మరో బోరు దుమ్ము రేపుతుంది. రాయి గట్టిదే, కానీ అందులోని పగుళ్లలోనే నీరు నడుస్తుంది, ఆ పగుళ్లు ఎటు పోతాయో పైనుంచి చెప్పడం కష్టం. భూగర్భ నిక్షేపానికి, అంటే వ్యర్థాలను శాశ్వతంగా ఉంచే చోటుకు, స్థలం ఎంచుకోవడమంటే పగుళ్లు తక్కువగా ఉన్న, నీరు కదలని, జనం నీటికోసం ఎన్నడూ తవ్వే అవసరం రాని రాయిని ఏళ్ల తరబడి వెతకడం. కోటి మందికి పైగా ఉన్న, వెయ్యి అడుగుల దాకా తూట్లు పడిన నగరం ఆ వెతుకులాటలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

న్యాయశాస్త్ర విద్యార్థిని, పద్మారావునగర్ (ఆదివారం, రాత్రి 8:20)

మాస్టారూ, బోరుబావుల ఉదాహరణ చాలా బాగుంది. ఆ కుడంకుళం తీర్పునే గుర్తుచేస్తాను. 2013 మే 6న సుప్రీంకోర్టు ఆ అణువిద్యుత్ కేంద్రానికి అనుమతి ఇస్తూనే పదిహేను ఆదేశాలు జారీ చేసింది. లోతైన భూగర్భ నిక్షేపం ఏర్పాటుకు వీలైనంత త్వరగా చర్యలు తీసుకోవాలన్నది వాటిలో ఒకటి. పునఃశుద్ధి వల్ల మిగిలేది కొద్దిపాటి గాజే కాబట్టి ఇప్పుడిప్పుడే నిక్షేపం అవసరం రాదన్నది అణుశక్తి శాఖ చాలాకాలంగా వినిపిస్తున్న వాదన. అది సాంకేతికంగా సరైనదే కావచ్చు. కానీ స్థలం వెతకడానికే ఫిన్లాండ్‌కు ఇరవై ఏళ్లు పట్టింది, అదీ యాభై లక్షలు దాటిన జనాభా గల దేశంలో. అవసరం వచ్చాక వెతుకుదామంటే ఆ పని మన మనవల నెత్తిన పడుతుంది.

ఖర్చు సంగతీ చూడాలి. అణువిద్యుత్ కేంద్రాలు మూతపడ్డాక విప్పదీయడానికి యూనిట్‌కు 2 పైసల చొప్పున వసూలు చేస్తున్నారు. ఆ రేటు ఏనాటిదో, ఈనాటి ఖర్చుకు ఎలా సరిపోతుందో ఎవరైనా వివరించగలరా?

పులివెందుల బిడ్డ, కూకట్‌పల్లి (సోమవారం, ఉదయం 6:55)

అందరూ రియాక్టరు తర్వాత మిగిలేదాని గురించే మాట్లాడుతున్నారు. రియాక్టరుకు ముందే మిగిలేదాన్ని మా జిల్లాలో చూడవచ్చు. తుమ్మలపల్లె ఖనిజంలో టన్నుకు అర కిలో యురేనియం కూడా ఉండదు. అంటే తవ్విన రాయిలో దాదాపు అంతా పిండి చేసి, క్షార ద్రావణంతో యురేనియం తీసుకున్నాక బురదగా టెయిలింగ్ పాండ్ అనే వ్యర్థాల చెరువులోకి పోతుంది. యురేనియం పోయినా దాని సంతానం పోదు. థోరియం-230, రేడియం-226 అందులోనే ఉంటాయి, ఖనిజంలోని మొత్తం రేడియోధార్మికతలో 85 శాతం వరకు ఆ బురదలోనే మిగులుతుంది. రేడియం సగం కావడానికి 1600 ఏళ్లు, థోరియానికి 75 వేల ఏళ్లు. దాని తీవ్రత గాజు డబ్బాతో పోలిస్తే ఎంతో తక్కువే. కానీ గాజు డబ్బా స్టీలులో, కాంక్రీటులో, కాపలాలో ఉంటుంది. బురద మాత్రం ఎండా వానల కింద చెరువంత విస్తీర్ణంలో ఉంటుంది. చుట్టుపక్కల గ్రామాల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని చాలా ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు, దానికి తాము కారణం కాదని సంస్థ చెబుతూ వస్తోంది. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసినప్పుడు హైదరాబాదులో అందరూ హర్షించారు. ఆ నగరంలోనే ఇంధనం తయారవుతోందని, దానికి రాయి మా ఊరి నుంచి వస్తోందని ఎంతమందికి గుర్తొచ్చిందో నాకు తెలియదు.

సైనిక్‌పురి విశ్రాంత ఇంజనీరు (సోమవారం, ఉదయం 8:10)

మీ మాట కటువుగా ఉన్నా న్యాయమైనదే. అడుగున పరిచే పొర, గట్టు, నిండాక పైన కప్పే మట్టి, వీటి మీద పెట్టే శ్రద్ధే టెయిలింగ్స్ విషయంలో రక్షణ. గనుల ఖర్చులో అదొక చిన్న పద్దుగా కనిపిస్తుంది, అందుకే అక్కడ పొదుపు చేయాలన్న ఆశ పుడుతుంది.

కుషాయిగూడ వాసి (సోమవారం, ఉదయం 9:30)

ఇంత తెలిశాక నా భయం తగ్గింది, ఆలోచన పెరిగింది. రవాణా గురించి కూడా ఎవరైనా చెబుతారా? ఔటర్ రింగు రోడ్డు మీద అలాంటి వాహనం బోల్తా పడితే ఏమవుతుంది?

సైనిక్‌పురి విశ్రాంత ఇంజనీరు (సోమవారం, ఉదయం 10:45)

సరుకు ఎంత ప్రమాదకరమైనదో దాన్ని బట్టి పెట్టె మారుతుంది. వాడిన ఇంధనం వంటివాటికి వాడే పెట్టె నమూనా 9 మీటర్ల ఎత్తు నుంచి ఏమాత్రం వంగని గట్టి నేల మీద పడాలి, తర్వాత మీటరు ఎత్తు నుంచి ఉక్కు మొనపై పడాలి, ఆ తర్వాత 800 డిగ్రీల మంటలో అరగంట ఉండాలి. నీటిలో ముంచే పరీక్ష వేరే ఉంటుంది. ఇన్నింటి తర్వాత కూడా లోపలిది బయటికి రాకూడదు. 1984లో బ్రిటన్‌లో, జనం చూస్తుండగా, గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చిన రైలింజనుతో అలాంటి పెట్టెను ఢీకొట్టించారు. ఇంజను నుజ్జయింది, పెట్టె నిలిచింది. పదుల టన్నుల బరువున్న ఉక్కు దిమ్మె అది, రాత్రిపూట వెళ్లే మామూలు లారీ దాన్ని మోయలేదు.

కొత్త ఇంధనం ఉన్న వాహనం బోల్తా పడితే కట్టలు చెల్లాచెదరు కావచ్చు, ఏరుకుని లెక్క సరిచూసుకోవాలి. డీజిలు మంట అంతకంటే పెద్ద ప్రమాదం.

న్యాయశాస్త్ర విద్యార్థిని, పద్మారావునగర్ (సోమవారం, ఉదయం 11:20)

దారి, సమయం రహస్యంగా ఉంచడంలో భద్రతా కారణాలుంటాయని ఒప్పుకుంటాను. కానీ ఆ దారిలో ఉన్న అగ్నిమాపక కేంద్రాల సిబ్బందికి, జాతీయ రహదారి పక్కనున్న ఆస్పత్రులకు రేడియోధార్మిక సరుకు పెట్టెలపై అంటించే పసుపు లేబుల్ అంటే ఏమిటో, దాని మీద రాసిన అంకె ఏమి చెబుతుందో తెలియకపోతే ఆ పెట్టె ఎంత గట్టిదైనా గందరగోళం తప్పదు.

ఆస్పత్రి వైద్య భౌతిక నిపుణురాలు, పంజాగుట్ట (సోమవారం, మధ్యాహ్నం 2:05)

లేబుల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ అంకె పెట్టెకు మీటరు దూరంలో గంటకు ఎంత రేడియేషన్ ఉందో సూచిస్తుంది. మిల్లీసీవర్టులలో కొలిచి వందతో గుణిస్తారు. లేబుల్ మీద 1 అని ఉంటే మీటరు దూరంలో గంటకు 0.01 మిల్లీసీవర్టు అన్నమాట. సాధారణ పౌరుడికి ఏడాది పరిమితి 1 మిల్లీసీవర్టు కాబట్టి, పెట్టె చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు దాని పక్క నుంచి నడిచి వెళ్లినందువల్ల ఏమీ కాదు.

హైదరాబాదు రోడ్ల మీద ఎక్కువగా తిరిగే రేడియోధార్మిక సరుకు ఆస్పత్రులది. పెట్ స్కాన్ మందులోని ఫ్లోరిన్-18 రెండు గంటల లోపే సగమవుతుంది, సాయంత్రం వాడిన సిరంజి మర్నాడు మధ్యాహ్నానికి మామూలు సిరంజే. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే అయోడిన్-131 సగం కావడానికి 8 రోజులు పడుతుంది. అందుకే ఆ రోగుల గదుల మరుగుదొడ్లకు విడిగా పైపులైను ఉంటుంది, ఆ నీరు ఆలస్యపు ట్యాంకుల్లో నిలిచి, తీవ్రత పడిపోయాకే నగర మురుగులో కలుస్తుంది. దుప్పట్లు, డైపర్లు, తొడుగులు తారీకు రాసిన సంచుల్లో సీసపు తలుపు వెనక ఉంటాయి. పది అర్ధాయువులు, అంటే సగం కావడానికి పట్టే కాలానికి పది రెట్లు, గడిస్తే వెయ్యో వంతుకు తగ్గుతుంది, అయోడిన్‌కు అది 80 రోజులు. ఆ తర్వాత ప్రతి సంచినీ మీటరుతో చూసి, లేబుల్ చింపేసి బయటికి పంపుతాము. లేబుల్ చింపడం చిన్న పని అనుకోవద్దు. ఖాళీ సంచి మీద ఆ గుర్తు మిగిలితే చెత్త ఏరుకునేవాళ్లు హడలిపోతారు, నాలుగు సార్లు అలా జరిగితే అయిదోసారి నిజమైన గుర్తును కూడా పట్టించుకోరు.

నా దృష్టిలో నగరంలో అసలైన ముప్పు లెక్కలోంచి జారిపోయే పాత సోర్సులు, అంటే పరికరాల్లో అమర్చిన రేడియోధార్మిక పదార్థాలు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో మూతపడిన వైద్యశాలలో వదిలేసిన సీజియం యంత్రాన్ని తుక్కు కోసం విప్పారు, నలుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో, ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత పరికరంలోని కోబాల్ట్-60 తుక్కు దుకాణాల్లో ముక్కలైంది, ఒకరు మరణించారు. రెండు చోట్లా ఉన్నవి పనికివచ్చే పరికరాలే, వాటి బాధ్యత ఎవరిదో మరచిపోయిన రోజున వ్యర్థాలయ్యాయి.

బాలానగర్ వర్క్‌షాపు (సోమవారం, సాయంత్రం 5:40)

మేడమ్ గారూ, మీ మాటలు చదివాక అడగకుండా ఉండలేకపోతున్నాను. మా వీధిలో ఎన్నో ఏళ్లుగా మూతపడి ఉన్న ఒక షెడ్డును ఇప్పుడు ఖాళీ చేస్తున్నారు. ఒక మూల పైన పిడి ఉన్న చిన్న పసుపు పెట్టె ఉంది. దాని సైజుకు ఉండాల్సిన దానికంటే ఎంతో బరువుంది. మూడు రెక్కల గుర్తు సగం చెరిగిపోయింది. వెల్డింగు అతుకులను ఫొటో తీసే కెమెరా అని పాత పనివాడొకరు అంటున్నాడు. తుక్కువాడు రేపు ఉదయం వస్తానన్నాడు.

ఆస్పత్రి వైద్య భౌతిక నిపుణురాలు, పంజాగుట్ట (సోమవారం, సాయంత్రం 5:52)

తుక్కువాణ్ణి ఇప్పుడే ఆపండి. పెట్టెను కదపవద్దు, తాళం తీయవద్దు, వెనక ఉన్న కేబులు జోలికి ఎవరూ వెళ్లకూడదు. షెడ్డుకు తాళం వేయించి 112కు ఫోన్ చేసి రేడియోధార్మిక గుర్తున్న పెట్టె దొరికిందని స్పష్టంగా చెప్పండి, అణుశక్తి నియంత్రణ మండలికి సమాచారం ఇవ్వమని పోలీసులను కోరండి. దూరం నుంచి ఫొటో తీసి పేరుపలక మీద వరుస సంఖ్య కనిపిస్తే రాసి పెట్టండి, దాన్ని బట్టి చివరి యజమాని ఎవరో తేలుతుంది.

అది ఇరిడియం-192 కెమెరా అయితే సోర్సు 74 రోజులకోసారి సగమవుతుంది, ఇన్నేళ్లలో దాని తీవ్రత దాదాపు మిగిలి ఉండదు. అయితే లోపల ఉన్నది కోబాల్టు అయితే ఆ మాట చెల్లదు. ఇరిడియమే అయినా, బరువును బట్టి చూస్తే రక్షణ కవచం క్షీణ యురేనియం (యురేనియం-235 చాలావరకు తీసేయగా మిగిలిన యురేనియం) లోహంతో చేసినది కావచ్చు, కొన్ని నమూనాల్లో అలాగే ఉంటుంది. దాన్ని గ్యాస్ కట్టరుతో కోస్తే ఆ పొడి అంటుకుని మండుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీటరు పెట్టి కొలిచేదాకా అది ఏమిటో ఎవరూ ఊహించనక్కర్లేదు.

బాలానగర్ వర్క్‌షాపు (సోమవారం, సాయంత్రం 6:35)

షెడ్డుకు తాళం పడింది. పోలీసులు వచ్చి చూసి వెళ్లారు, ఇద్దరిని బయట ఉంచారు. పలక మీద చివరి మూడు అంకెలే కనిపిస్తున్నాయి, ఫొటో వారికి ఇచ్చాను. షెడ్డు యజమాని మాత్రం తుక్కు డబ్బులు ఎవరిస్తారని అడుగుతున్నాడు.